హైదరాబాద్–విజయవాడ రహదారి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారిలో తెలుగువారు అన్నిటికంటే ఎక్కువగా వాడుకొనేది హైదరాబాద్, విజయవాడల మధ్య భాగం. పండుగకు ఊరు వెళ్ళేవారికే కాక, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగులకు, విద్యార్థులకు, పాలూ కూరగాయలూ తెచ్చే రైతులకు కూడా ఇదే దారి. దీని గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: గోల్కొండ సుల్తానుల కాలంలో బందరుకు వెళ్ళే దారి మా ఊరి మీదుగానే ఉండేదని మా ఇంటి పెద్దలు చెబుతారు. ఇప్పటి రహదారీ ఆనాటి దారీ ఒకటేనా? – ఒక పాఠకురాలు, హయత్‌నగర్

మీ పెద్దలు చెప్పింది నిజమే. అయితే ఆ మాట దారి మొత్తానికీ వర్తించదు. హైదరాబాద్ నుంచి కొంత దూరం వరకు పాత దారీ కొత్త దారీ దాదాపు ఒకే దిశలో సాగుతాయి, ఆ తర్వాత విడిపోతాయి.

కుతుబ్‌షాహీ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన రేవు. 17వ శతాబ్దపు తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. లోపలి ఊళ్ళలో నేసిన, అద్దకం వేసిన బట్టలు, కృష్ణ ఒడ్డున గనుల్లో దొరికిన వజ్రాలు ఒకవైపు నుంచి, ఓడల్లో దిగిన సరుకులూ మనుషులూ మరొకవైపు నుంచి ఈ దారినే నడిచేవి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియె గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తాను వెళ్ళిన దారిని మజిలీలవారీగా రాసి పెట్టాడు. ఆ పేర్లు అతని చెవికి వినిపించిన తీరులో ఉన్నా, వాటిలో హయత్‌నగర్‌ను, పంతంగిని, పానగల్లును పోల్చుకోవడం కష్టం కాదు. ఈనాడు చౌటుప్పల్ దాటాక టోల్‌ప్లాజా దగ్గర వాహనాలు బారులు తీరే పంతంగి దాదాపు మూడున్నర శతాబ్దాల కిందటే బాటసారులు ఆగే మజిలీ అన్నమాట.

పంతంగి తర్వాత టావెర్నియె పట్టిన దారి నేటి రహదారిని వదిలి, నల్లగొండ పక్కనున్న పానగల్లు మీదుగా దక్షిణానికి తిరిగి కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు వజ్రాల గని వైపు సాగింది. ఆయన పని వజ్రాలతో కాబట్టి ఆ చుట్టుదారి ఆయనకు అవసరమైంది. గని వైపు వెళ్ళకుండా నేరుగా మచిలీపట్నం చేరే దారి ఇంతకంటే దగ్గరదని కూడా ఆయనే రాశాడు. ఆ కొల్లూరు ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది.

మీ ఊరి విషయానికి వస్తే, పాత దారికి రాతి సాక్ష్యం మీ ఇళ్ళ మధ్యనే ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరిట వెలిసిన ఊరు మీది. ఎత్తయిన అరుగు మీద ఐదు కమానులతో నిలిచిన మసీదు, దాని విశాలమైన ఆవరణ చుట్టూ ప్రాకారాన్ని ఆనుకొని వరుసగా కట్టిన గదులు, సమీపంలో ఏనుగులతో నీళ్ళు తోడించేవారని చెప్పుకొనే హాతీ బావి, ఇవన్నీ కలిసి ఒక సరాయి. ఆ గదుల్లో దిగినవారు బావి నీళ్ళు వాడుకొని, మసీదులో నమాజు చేసుకొని, తెల్లవారుజామున మళ్ళీ ప్రయాణమయ్యేవారు. నగరం నుంచి బయలుదేరినవారికి ఇది మొదటి రోజు మజిలీ, నగరానికి వచ్చేవారికి చివరి రాత్రి బస. రహదారుల చరిత్ర కోసం మచిలీపట్నం దాకా వెళ్ళలేనివారు ఒక ఉదయం ఈ ఆవరణలో తిరిగి చూడాలని మా కోరిక. పిల్లలను కూడా తీసుకువెళ్ళండి.

ప్రశ్న: రోజూ మలక్‌పేట నుంచి మియాపూర్‌కు మెట్రోలో వెళ్తాను. మెట్రో కింద ఉన్న రోడ్డే జాతీయ రహదారి అని ఒక మిత్రుడు అంటున్నాడు. నగరం మధ్యలోంచి జాతీయ రహదారి ఎలా వెళ్తుంది? – ఒక ఉద్యోగి, మలక్‌పేట

మీ మిత్రుడి మాట చాలావరకు సరైనదే. పడమర నుంచి వచ్చే ఈ రహదారి సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం, మియాపూర్, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, ఖైరతాబాద్, నాంపల్లి, కోఠి, చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా ఎల్బీనగర్ చేరి విజయవాడ వైపు సాగిపోతుంది. మెట్రో ఎరుపు మార్గం కూడా మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నడిబొడ్డున కొన్ని మలుపులను మినహాయిస్తే, ఇదే దారి మీద స్తంభాలు వేసుకొని నడిచింది. మియాపూర్–అమీర్‌పేట భాగం 2017 నవంబరులో, అమీర్‌పేట–ఎల్బీనగర్ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమయ్యాయి. ఎక్కువమంది రోజూ ఏ దారిన తిరుగుతారో ఆ దారి మీదనే తొలి మెట్రోలలో ఒకటి రావడం సహజం.

అయితే నగరం లోపల ఈ దారి మొదటి నుంచీ ఇలాగే లేదు. గోల్కొండ మూసీకి ఉత్తరాన ఉంది, 1591లో చార్మినార్‌తో వెలసిన హైదరాబాద్ దక్షిణాన ఉంది. 1578లో కట్టిన పురానాపూల్ మీదుగా నదిని దాటినవారు పాతనగరం గుండా తూర్పుకు నడిచి సరూర్‌నగర్ వైపు వెళ్ళగలిగేవారు, అప్పటికి చాదర్‌ఘాట్‌తో పెద్దగా పని లేదు. బ్రిటిష్ రెసిడెన్సీ కోఠిలో స్థిరపడి, నదికి ఉత్తరపు ఒడ్డున సికింద్రాబాద్ దాకా కొత్త బస్తీలు పెరిగిన తర్వాతే అటునుంచి తూర్పు దారికి చేరడానికి మరో వంతెన అవసరమైంది. 1831లో ఒలిఫెంట్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో కట్టిన చాదర్‌ఘాట్ వంతెన ఆ అవసరం తీర్చింది.

పడమటి వైపు కథ వేరు. మెహిదీపట్నం, గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా పటాన్‌చెరు చేరే దారిని జనం నేటికీ పాత ముంబయి రోడ్డు అంటారు. కూకట్‌పల్లి దారికి జనసమ్మర్దం తెచ్చినవి పరిశ్రమలు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్ పరిసరాల్లో ఐడీపీఎల్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు, 1972లో పటాన్‌చెరు దగ్గర వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఆ వెనుక పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చాయి. షిఫ్టు వేళలను బట్టి కిక్కిరిసిన బస్సులు, వాటికోసం రోడ్డు పక్కన వెలసిన టీ కొట్లు, కార్మికులకు దగ్గరగా ఉండాలని వచ్చిన గృహనిర్మాణ మండలి కాలనీ, ఇలా ఊళ్ళు ఊళ్ళుగా ఉన్న దారి ఒకే వీధిగా అతుక్కుపోయింది. కంది దగ్గర ఐఐటీ ప్రాంగణం కూడా ఈ రహదారి పక్కనే ఉండటంతో సంగారెడ్డి దాకా రోజువారీ రాకపోకల పరిధి విస్తరించింది.

మీరు మలక్‌పేటవారు కాబట్టి ఒక చోటు ప్రస్తావిస్తాం. మలక్‌పేట స్టేషన్ పక్కన రైలు పట్టాల కింద నుంచి రోడ్డు దిగి లేచే చోట గట్టి వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళాల్సిన వాహనాలు చాదర్‌ఘాట్ దాకా ఆగిపోతాయి. రైలు వంతెన ఎత్తు మార్చలేరు, రోడ్డును ఇంకా దించలేరు. కాబట్టి ఆ పల్లానికి చేరే నీటిని మూసీలోకి పంపే కాలువల సామర్థ్యం పెంచడమే మార్గం. దూరప్రయాణపు వాహనాలకు మాత్రం ఇప్పుడు ఈ బాధ లేదు. ముత్తంగి దగ్గర బాహ్యవలయ రహదారి ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే నగరంలోకి రాకుండానే విజయవాడ దారి పట్టవచ్చు.

ప్రశ్న: పాత పటాల్లో ఇది 9వ నంబరు, ఇప్పుడు 65. ఎందుకు మార్చారు? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, నార్కట్‌పల్లి

2010లో దేశంలోని జాతీయ రహదారులన్నింటికీ ఒక పద్ధతి ప్రకారం కొత్త నంబర్లు ఇచ్చారు. అంతకుముందు నంబరు చూస్తే రహదారి దేశంలో ఏ మూల ఉందో, ఏ దిక్కుకు పోతుందో తెలిసేది కాదు. కొత్త పద్ధతిలో తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తర దక్షిణాలుగా సాగేవాటికి సరి సంఖ్యలు. బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ పెరుగుతాయి, సరి సంఖ్యలు తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. పుణె, సోలాపూర్, జహీరాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే మన దారి తూర్పు పడమరలది, పైగా దేశానికి దక్షిణ భాగంలోది. కాబట్టి 65 అయింది.

మూడంకెల నంబర్లకూ అర్థం ఉంది. చివరి రెండంకెలు 65 అయితే అది ఈ రహదారికి అనుబంధమైన శాఖ అన్నమాట. మీ ఇంటికి దగ్గరలోనే నకిరేకల్ నుంచి నల్లగొండ, నాగార్జునసాగర్, మాచర్ల వైపు వెళ్ళేది 565. అదే నకిరేకల్ నుంచి మహబూబాబాద్ వైపు వెళ్ళేది 365. కృష్ణా జిల్లా పామర్రు నుంచి గుడివాడ, భీమవరం మీదుగా పాలకొల్లుకు పోయేది 165. పాత నంబరుకు అలవాటు పడ్డవారు ఇంకా తొమ్మిదో నంబరు హైవే అనే అంటున్నారు, అందులో పొరపాటేమీ లేదు.

ప్రశ్న: ఒకప్పుడు మా ఊరి దగ్గర సరిహద్దు నాకా ఉండేదని, 1948లో మిలిటరీ ఈ రోడ్డు మీదుగానే వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. వివరాలు తెలియజేయగలరు. – ఒక ఉపాధ్యాయుడు, కోదాడ

కోదాడ నిజాం రాజ్యపు తూర్పు అంచున ఉండేది. అవతల జగ్గయ్యపేట, నందిగామ మద్రాసు రాష్ట్రంలోవి. నిజాం ప్రభుత్వంలో సుంకాలు వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. సరిహద్దు దాటించే సరుకుకు ఆ శాఖవారి నాకాల్లో సుంకం కట్టాలి. ఇటువైపు హాలీ సిక్కా, అటువైపు కల్దారు రూపాయి చెల్లేవి కాబట్టి డబ్బు మార్చుకోవడమూ ప్రయాణంలో ఒక పనిగా ఉండేది.

ఇంతకంటే విచిత్రమైనది మునగాల పరిస్థితి. సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న ఈ పరగణా నాలుగువైపులా నిజాం గ్రామాలే ఉన్నా బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందేది. అంటే హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్ళేవారు మునగాలలో ఒకసారి బ్రిటిష్ ఇండియాలో అడుగుపెట్టి, కోదాడలో మళ్ళీ నిజాం రాజ్యంలోకి వచ్చి, ఆ తర్వాత అసలు సరిహద్దు దాటేవారు. ఈ పరగణాను తెలుగువారు మరువకూడని కారణం ఇంకొకటి ఉంది. నడిగూడెం కోటలో ఉండి పాలించిన రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఏర్పడటానికి తోడ్పడినవారు. రెండు పాలనల నడుమ ఉన్న ఈ చిన్న జమీందారీ అటు కోస్తాలోని పుస్తకాలకూ ఆలోచనలకూ ఇటు హైదరాబాద్‌లో చోటు కల్పించింది. ఈ రోడ్డు మోసిన సరుకులన్నింటిలోనూ దానినే మేం విలువైనదిగా భావిస్తాం.

ఇక 1948 సంగతి. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు ప్రధాన దళం పడమర సోలాపూర్ వైపు నుంచి, మరో దళం తూర్పున బెజవాడ వైపు నుంచి వచ్చాయి. రెండు ఊళ్ళూ నేటి 65వ నంబరు దారి మీదివే. తూర్పు దళం మొదటి రోజు ఉదయానికే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది, మరునాడు సూర్యాపేట చేరింది. వెనుదిరిగిన నిజాం సైనికులు సూర్యాపేటకు పడమర మూసీ మీది వంతెనను పేల్చివేశారు, కానీ దానిని కాపలా కాయకపోవడంతో భారత సైన్యం త్వరగానే బాగు చేసుకుంది. చాదర్‌ఘాట్‌లో ఒకసారి దాటిన మూసీని ఈ దారి రెండోసారి దాటేది అక్కడే.

విలీనం తర్వాత సరిహద్దు పోయింది. మునగాల కూడా కొన్నేళ్ళకు నల్లగొండ జిల్లాలో కలిసింది. 2014 జూన్ 2 నుంచి కోదాడకు అవతల రాష్ట్ర సరిహద్దు మళ్ళీ వచ్చింది, దాదాపు పాత చోటనే.

ప్రశ్న: రెండు పెద్ద నగరాల మధ్య ఇంత ముఖ్యమైన దారి ఉన్నా, జిల్లా కేంద్రమైన సూర్యాపేటకు రైలు ఎందుకు లేదు? – ఒక వర్తకుడు, సూర్యాపేట

రైలుమార్గం వేసినప్పుడు లెక్క ప్రయాణికులది కాదు, బొగ్గుది. 1874లో ఇప్పటి కర్ణాటకలోని వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు వచ్చింది. దానిని తూర్పుకు పొడిగించేటప్పుడు ఇల్లెందు ప్రాంతపు సింగరేణి బొగ్గును అందుకోవాలన్నది ప్రధాన ఉద్దేశం. అందుకని పట్టాలు వరంగల్, డోర్నకల్ మీదుగా తిరిగి 1889లో బెజవాడ చేరాయి. నేరుగా వెళ్ళే పాత బందరు దారి పక్కన పడిపోయింది. రైలెక్కిన సరుకు రోడ్డెక్కదు కాబట్టి కొన్ని దశాబ్దాలపాటు సూర్యాపేట దారికి దూరప్రాంత ప్రాముఖ్యం తగ్గిందని చెప్పడం న్యాయం. తర్వాతి కాలంలో బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా నడికుడి దాకా వేసిన మార్గం కూడా చిట్యాల దగ్గర ఈ రహదారిని తాకి దక్షిణానికి వెళ్ళిపోయింది.

ఈ లోటును బస్సు పూరించింది. 1932 జూన్‌లో నిజాం రైల్వేలోని రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని కావడంతో కోస్తా జిల్లాల నుంచి సచివాలయానికి, న్యాయస్థానానికి, విశ్వవిద్యాలయానికి, ఆసుపత్రులకు వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 1958 జనవరి 11న ఆర్టీసీ సంస్థగా ఏర్పడింది. రైలుకు చుట్టు ఎక్కువ, రోడ్డు మీద దూరం సుమారు 270 కిలోమీటర్లే. అందుకే ఈ రెండు నగరాల మధ్య బస్సుకు ఉన్న బలం దేశంలో చాలాచోట్ల కనిపించదు. మీ ఊరికి సగం దూరపు మజిలీగా వచ్చిన పేరు, భోజనశాలలు, రాత్రంతా వెలిగే దుకాణాలు ఆ బస్సులు తెచ్చినవే. రైలు లేకపోవడం మాత్రం నేటికీ లోటే. ముఖ్యంగా ధాన్యం, ఇతర బరువైన సరుకు పంపే మీవంటి వర్తకులకు లారీ తప్ప వేరే దారి లేకుండా పోయింది.

ప్రశ్న: మా అబ్బాయి చిట్యాల నుంచి హైదరాబాద్‌కు రోజూ సొంత కారులో ఉద్యోగానికి వెళ్ళి వస్తాడు. టోల్ భారం తగ్గే మార్గం ఉందా? అసలు ఈ డబ్బు ఎవరికి వెళ్తుంది? – ఒక గృహిణి, చిట్యాల

ముందు రెండో ప్రశ్నకు సమాధానం. చౌటుప్పల్‌కు ఇవతలి మల్కాపూర్ నుంచి నందిగామ దాకా 181.5 కిలోమీటర్ల భాగాన్ని నాలుగు వరుసలుగా విస్తరించే పనిని నిర్మించు, నిర్వహించు, బదిలీ చేయి పద్ధతిలో 2009లో జీఎంఆర్ సంస్థకు అప్పగించారు. 2012 డిసెంబరులో అది వాడుకలోకి వచ్చింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలు ఆ ఒప్పందంలోవి. 2024 జూలై 1 నుంచి జాతీయ రహదారుల ప్రాధికార సంస్థే నేరుగా వసూలు చేస్తోంది. నందిగామ తర్వాత విజయవాడ వైపు వచ్చే కీసర టోల్‌ప్లాజా వేరే భాగానికి చెందినది.

ఇక తగ్గింపుల గురించి. 2008 నాటి రుసుము నిబంధనల ప్రకారం, 24 గంటల్లో తిరిగి వస్తే రానూపోనూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే చెల్లించాలి. నెలలో 50 సార్లు దాటడానికి తీసుకొనే పాసుకు ఆ 50 సార్ల మొత్తంలో మూడింట రెండు వంతులే తీసుకుంటారు. టోల్‌ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపల నివసించేవారి వాణిజ్యేతర వాహనాలకు స్థానిక నెలవారీ పాసు ఉంది. 2007–08లో 150 రూపాయలుగా పెట్టిన దాని ధర ఏటా ఏప్రిల్ 1న కొంత పెరుగుతూ వస్తోంది. మీ అబ్బాయి నివాసపు ధ్రువపత్రం, వాహన పత్రాలు తీసుకొని పంతంగి టోల్‌ప్లాజా కార్యాలయంలో దీని కోసం అడగాలి. పక్కన సర్వీసు రోడ్డో మరో దారో అందుబాటులో ఉన్నచోట ఈ పాసు ఇవ్వనవసరం లేదన్న షరతు నిబంధనల్లో ఉంది, కాబట్టి నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా కోరండి.

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లు, జీపులు, వ్యాన్లకు వార్షిక పాసు కూడా వచ్చింది, మొదట దాని ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ 200 సార్లు దాటడం గానీ, ఏది ముందు పూర్తయితే అంతవరకు అది చెల్లుతుంది. రోజూ రెండుసార్లు దాటేవారికి 200 సార్లు నాలుగు నెలల్లోనే అయిపోతాయి కాబట్టి, మీ అబ్బాయికి స్థానిక పాసు దొరికితే అదే మేలు. ద్విచక్ర వాహనానికి రుసుమే లేదు.

ప్రశ్న: మా ఊరి దగ్గర రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ప్రమాదాలు తగ్గుతాయని చెబుతున్నారు. మాకు మాత్రం రోడ్డు దాటడమే గండంగా ఉంది. ఆరు వరుసలు అయితే బాగుపడుతుందా? – ఒక రైతు, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం

వెడల్పు ఒక్కదానితో బాగుపడదని మా నమ్మకం. రెండు వరుసల రోడ్డుగా ఉన్నప్పుడు ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదాలు ఈ దారికి చెడ్డపేరు తెచ్చాయి. మధ్యలో డివైడర్ వచ్చాక ఆ రకం ప్రమాదాలకు అవకాశం బాగా తగ్గింది, అది కాదనలేని మేలు. కానీ వాటి స్థానంలో వేరే ప్రమాదాలు వచ్చాయి.

నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కారుకు గంటకు 100 కిలోమీటర్ల వేగం వరకు అనుమతి ఉంది. అదే రోడ్డు మీద 25, 30 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరూ ఆటోలూ ఉంటాయి. పొలం రోడ్డుకు ఒకవైపు, ఇల్లు మరొకవైపు ఉన్న రైతు మలుపు తిరగడానికి రెండు మూడు కిలోమీటర్లు పోవాల్సి వస్తే, పక్కనే ఎదురుదిశలో నడపడానికి తెగిస్తాడు. అది తప్పే. కానీ ఆ తప్పు చేయక తప్పని విధంగా రోడ్డు గీసినవారి బాధ్యతా అందులో ఉంది. బడికి వెళ్ళే పిల్లలు, అవతలి వైపు బస్సు ఎక్కాల్సిన ముసలివారు డివైడర్ మధ్యలో నిలబడి వాహనాల సందు కోసం ఎదురుచూడటం ఈ దారిలో పొద్దున ఎనిమిదింటికి ఎవరైనా చూడవచ్చు. రాత్రివేళ దీపాలు లేకుండా రోడ్డంచున నిలిపిన లారీలను వెనుక నుంచి ఢీకొనడం మరో రకం.

మల్కాపూర్–నందిగామ మధ్య తరచు ప్రమాదాలు జరిగే 17 చోట్లను బ్లాక్ స్పాట్‌లుగా గుర్తించి, అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు, కూడళ్ళ మార్పులు వంటి పనులు చేపట్టారు. ఎల్బీనగర్ నుంచి మల్కాపూర్ దాకా ఈ దశాబ్దంలోనే ఆరు వరుసల విస్తరణ మొదలైంది. మొత్తం దారిని ఆరు వరుసలు చేయాలన్న ప్రతిపాదన కూడా ఉంది. సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం వస్తే చౌటుప్పల్ దగ్గర రాకపోకలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి పనుల వరుసక్రమం ముఖ్యమని మేం గట్టిగా చెబుతున్నాం. ప్రతి ఊరి దగ్గరా ముందు రెండువైపులా తెగని సర్వీసు రోడ్డు వేయాలి, ట్రాక్టరూ గడ్డిబండీ పట్టేంత ఎత్తున్న అండర్‌పాస్ కట్టాలి, ప్రధాన వరుసల బయట బస్సు ఆగే చోటు చూపాలి, వీధిదీపాలు వెలిగించాలి. అదనపు వరుసలు వీటి తర్వాతే రావాలి. అండర్‌పాస్ లేకుండా ఆరు వరుసలు వేస్తే, మీరు నడిచి దాటాల్సిన వెడల్పు మరింత పెరుగుతుంది.

గ్రామసభలో తీర్మానం చేసి, దాటే చోటు ఎక్కడ కావాలో సర్వే నంబరుతో సహా జిల్లా కలెక్టరుకు, రహదారుల ప్రాధికార సంస్థ ప్రాజెక్టు కార్యాలయానికి పంపండి. పనులు పూర్తయ్యాక అడిగేదానికంటే నమూనా ఖరారు కాకముందే అడిగేదానికి ఫలితం ఎక్కువ.

ప్రశ్న: వానాకాలంలో ఈ రహదారి తెగిపోతే ఏ దారిన వెళ్ళాలి? – ఒక పాఠకుడు, నందిగామ

2023 జూలై చివర్లో మున్నేరు పొంగి మీ నందిగామ పక్కనున్న ఐతవరం దగ్గర రహదారి మీదికి నీళ్ళు రావడంతో రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న అక్కడే కాకుండా రాష్ట్ర సరిహద్దులో పాలేరు వరద కూడా రోడ్డును దెబ్బతీసింది. ఇటువంటప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చేవారు నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా గుంటూరు చేరి అక్కడి నుంచి విజయవాడ వెళ్ళాలి, రెండు వరదల్లోనూ పోలీసులు చూపిన దారి ఇదే. దూరం పెరుగుతుంది గానీ, మున్నేరూ పాలేరూ దారిలో తగలవు. రెండేళ్ళకొకసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతులస్వామి జాతర జరిగే రోజుల్లో కూడా ఈ రహదారి మీది వాహనాలను మళ్ళిస్తారు. ఆ నాలుగైదు రోజుల్లో ప్రయాణం పెట్టుకున్నవారు బయలుదేరే ముందు సూర్యాపేట జిల్లా పోలీసుల ప్రకటన చూసుకోవాలి.